పసుపు చీటీల మాస్టారు

ఆ కంపెనీలో పని బాగానే జరిగేది, డైరెక్టరుగారు శిక్షణకి వెళ్ళొచ్చేదాకా.

టైర్ల దుకాణం మీద రెండో అంతస్తులో ఉండేది ఆఫీసు. కిటికీ తెరిస్తే కొత్త రబ్బరు వాసన, మూస్తే పాత కార్పెట్ వాసన. ఒక హాలు, డైరెక్టరుగారి గది, సమావేశాల గది, మూలన సగం కాఫీ కప్పులోనూ మిగతా సగం నేలమీదా పోసే మెషీను. హాల్లో నలుగురు పనిచేసేవాళ్ళు. వాళ్ళ పనికి పెద్ద అయిన లీడు నలభై దాటిన మనిషి, మెతక. ఎవరేమడిగినా "చూద్దాం" అనేవారు. ప్రోగ్రామర్లిద్దరిలో ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. ఒకే స్కూటరు మీద వచ్చి, రోజంతా పోట్లాడుకుని, మళ్ళీ అదే స్కూటరు మీద వెళ్ళిపోయేవాళ్ళు. నాలుగో మనిషి టెస్టర్, నెలలు నిండుతున్న గర్భిణి. వీళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఆ పని ఎంత ఇష్టంగా చేసేదంటే, తప్పు దొరకని రోజున ఆమెకి భోజనం సయించేది కాదు.

అప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది ఒక పెద్ద ఆవిరి లాండ్రీకి సాఫ్ట్‌వేర్ తయారుచేసే పని. ఊళ్ళోని హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల గౌన్లు అన్నీ అక్కడికే ఉతకడానికి వెళ్ళేవి. దాని యజమానురాలిని అందరూ లాండ్రీ అమ్మగారు అనేవారు. తనకేం కావాలో ఆవిడ మొదటిరోజే ఒక్క ముక్కలో చెప్పేశారు.

"ఏ బట్ట ఎవరిదో తెలియాలి బాబూ. ఎవరి గుడ్డ వాళ్ళింటికే వెళ్ళాలి. మిగతాదంతా మీ ఇష్టం."

లీడు లాండ్రీకి వెళ్ళి, ఆ ఆవిర్లో చొక్కా తడిసి ముద్దయ్యేదాకా నిలబడి, మూటలు ఎలా వస్తున్నాయో, ఎలా విడిపోతున్నాయో చూసొచ్చారు. వచ్చి పని మొదలుపెట్టారు. సగానికి వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారు కంపెనీల పెద్దలకోసం ఏదో హోటల్లో పెట్టిన శిక్షణకి వెళ్ళి, చట్రం కట్టిన ఒక సర్టిఫికెట్టుతోనూ, తెల్లబూట్లు వేసుకున్న ఒక మనిషితోనూ తిరిగొచ్చారు.

"ఈయన మన అజైల్ కోచ్," అని పరిచయం చేశారు.

కోచ్ ప్రతి వాక్యం చివరా రెండు అరచేతులూ విప్పేవాడు, పావురాన్ని వదిలినట్టు. అజైల్ అంటే చురుకుదనమని చెప్పాడు. పనంతా ఒక్కసారే తలకెత్తుకోకుండా రెండేసి వారాల ముక్కలుగా చేసుకుని, అయిన ముక్కని వాడేవాళ్ళకి చూపించి, వాళ్ళేమన్నారో విని దిద్దుకుంటూ పోవాలన్నాడు. అలా పోవడానికి స్క్రమ్ అని ఒక పద్ధతి ఉందన్నాడు. లీడుకి ఇందులో వంకపెట్టడానికేమీ కనిపించలేదు.

"మేం చేస్తున్నదీ ఇంచుమించు అదేనండీ," అన్నారు.

కోచ్ జాలిగా నవ్వాడు. "అలా అనుకునేవాళ్ళతోనే అసలు కష్టమంతా."

స్క్రమ్‌లో లీడు అనే పదవి ఉండదట. కాబట్టి ఆయన ఆ రోజునుంచి స్క్రమ్ మాస్టర్. టెస్టర్ అక్కడికక్కడే "అయితే మాస్టారూ" అంది. ఆ పిలుపే స్థిరపడిపోయింది. మాస్టారు ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఇన్నేళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని, చివరికి బడిలో మాస్టారయ్యారా అల్లుడుగారూ?"

ఆయన భార్య ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. ఆమె యూనిఫారం మడతపెట్టుకుంటూ, "జీతమేమైనా పెరిగిందా?" అని అడిగింది.

"లేదు."

"అయితే మాస్టారేనమ్మా," అంది తల్లితో.

మర్నాటికల్లా సమావేశాల గదిలో కుర్చీలు మాయమయ్యాయి. రోజూ పొద్దున్నే అందరూ ఆ గదిలో నిలబడి మాట్లాడుకోవాలి. నిలబడితే కాళ్ళు లాగుతాయి కాబట్టి ఎవరూ సాగదియ్యరనీ, పావుగంటలో ముగిసిపోతుందనీ సిద్ధాంతం. ఒక్కొక్కరూ మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, నీకు అడ్డేమిటి. మొదటిరోజు నలుగురూ చెప్పడం ముగిసేసరికి కోచ్ చేతిలో కాఫీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. అప్పుడు డైరెక్టరుగారు అందుకున్నారు. తన బాల్యం, తన కష్టాలు, కంపెనీ భవిష్యత్తు అన్నీ చెప్పారు. ఆయన మాత్రం నిలబడలేదు. కిటికీ గట్టుమీద కూర్చున్నారు.

టెస్టర్ ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి బరువు మార్చుకుంటూ, "నేనో స్టూలు తెచ్చుకోవచ్చా?" అని అడిగింది.

"కూర్చుంటే మనసు కూడా కూలబడుతుందమ్మా," అన్నాడు కోచ్.

"నా మనసు నిటారుగానే ఉందండీ. కాళ్ళే ఇద్దరి బరువు మోస్తున్నాయి."

"ఇలాంటివి నేను చెప్పకూడదు. టీమే కలిసి నిర్ణయించుకోవాలి. చర్చిద్దాం."

చర్చించారు. ఆమె కూర్చోవచ్చునని అందరూ ఒక అభిప్రాయానికి వచ్చేసరికి సమావేశం ముగిసింది. ఆ చర్చ జరుగుతున్నంతసేపూ ఆమె నిలబడే ఉంది.

మరోరోజు "నీకు అడ్డేమిటి" అని అడిగితే పొడుగు ప్రోగ్రామరు, "ఈ మీటింగే," అన్నాడు. డైరెక్టరుగారి ముఖం మాడిపోయింది. కోచ్ మాత్రం చప్పట్లు కొట్టాడు. "ఎంత నిజాయితీ! మనకి కావలసింది ఇదే!" అని పసుపు చీటీమీద 'మీటింగు' అని రాసి, గోడమీద 'అడ్డంకులు' అన్నచోట అంటించాడు. ఆ అడ్డంకి గురించి మాట్లాడుకోవడానికి శుక్రవారం ఇంకో మీటింగు పెట్టాడు.

ఇక ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో చెప్పకూడదు, పాయింట్లు చెప్పాలి. అందుకోసం పేకముక్కల్లాంటి అట్టలు పంచారు. ఒక పని పేరు చదవగానే తలా ఒక అట్ట పైకెత్తాలి. రెండు వారాలయ్యాక కోచ్ పాయింట్లన్నీ కూడి చెబితే డైరెక్టరుగారు పెదవి విరిచారు.

"ఇంతేనా? వచ్చేసారికి రెట్టింపు కావాలి."

"పనిని రెట్టింపు చెయ్యలేమండీ," అన్నారు మాస్టారు.

"పనెవరడిగారు? నేనడిగింది పాయింట్లు."

ప్రోగ్రామర్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోట్లాట లేకుండా వాళ్ళిద్దరూ ఏకమైంది అదొక్కసారే. మర్నాడు ఒక బటన్ రంగు మార్చడానికి ఇద్దరూ తమ దగ్గరున్న అన్నింటికంటే పెద్ద అంకె అట్ట పైకెత్తారు. ఆ నెల పాయింట్ల గ్రాఫు మేడమెట్లలా పైకి పోయింది. అదనంగా ఒక్క అక్షరమైనా ఎవరూ రాయలేదు. డైరెక్టరుగారు ఆ గ్రాఫుకి కూడా చట్రం కట్టించి సర్టిఫికెట్టు పక్కన తగిలించుకున్నారు.

ఈ పద్ధతిలో ప్రాడక్ట్ ఓనర్ అని ఒకరుండాలి. సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళ తరఫున, ఏ పని ముందో ఏది తర్వాతో చెప్పే మనిషి. లాండ్రీ అమ్మగారినే అప్పుడప్పుడూ పిలుద్దామన్నారు మాస్టారు.

"ఆవిడకి తీరికెక్కడిది?" అన్నారు డైరెక్టరుగారు. "మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు."

బావమరిది అంతకుముందు ఒక జిమ్ పెట్టి మూసేశాడు. లాండ్రీ ఏ వీధిలో ఉందో అతనికి తెలియదు. అతని చొక్కాలు ఇప్పటికీ వాళ్ళక్క ఇంట్లోనే ఉతుకుతారు. అయినా ఓనరు అన్న పేరు అతనికి బాగా నచ్చింది. రోజుకో కోరిక చీటీమీద రాసి తెచ్చేవాడు. కోరికలన్నీ వాడేవాళ్ళే చెబుతున్నట్టు రాయాలని కోచ్ నేర్పించాడు. ఒకరోజు బావమరిది గొంతు సవరించుకుని చదివాడు.

"'ఇస్త్రీ చేసే మనిషిగా నాకు కంప్యూటరు తెరమీద గిర్రున తిరిగే డ్రమ్ము బొమ్మ కావాలి. దానివల్ల నా మనసు ఉల్లాసంగా ఉంటుంది.'"

"ఇస్త్రీ చేసేవాళ్ళ దగ్గర కంప్యూటరే లేదండీ," అన్నారు మాస్టారు.

"ఉంటే బాగుంటుంది కదా!"

డ్రమ్ము బొమ్మ గోడమీద అన్నిటికంటే పైకెక్కింది. అసలు సంగతి, ఏ బట్ట ఎవరిదో తెలియాలన్న చీటీని పట్టుకుని కోచ్ తల అడ్డంగా ఊపాడు. ఇది మామూలు పని కాదట, ఎపిక్ అట. అంటే ఇతిహాసమంత పెద్దదని అర్థం. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తేగాని ముట్టుకోకూడదన్నాడు. సరే, ముక్కలు చేశారు. ముక్కలు పెరిగేకొద్దీ చీటీలు పెరిగాయి. పైన బావమరిది కోరిన డ్రమ్ము బొమ్మలూ, పుట్టినరోజు శుభాకాంక్షలూ ఉండటంతో ఈ చీటీలన్నీ గోడ అడుగున, నేలకి జానెడెత్తున అంటించారు. వానాకాలం చెమ్మకి అవి ఒక్కొక్కటే ఊడి రాలాయి. పొద్దున్నే ఊడ్చే ఆయన వాటిని కాఫీ కప్పులతోపాటు ఎత్తి బుట్టలో వేశాడు. ఇతిహాసం ఎటుపోయిందని ఎవరూ అడగలేదు.

టెస్టర్ ప్రసవానికి సెలవు పెట్టి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "నా బదులు ఎవర్నైనా పెట్టండి మాస్టారూ. లేకపోతే కొంప మునుగుతుంది," అంది. మాస్టారు ఆ మాట డైరెక్టరుగారి చెవిన వేశారు. టీమంటే అందరూ అన్ని పనులూ చెయ్యాలన్నారు డైరెక్టరుగారు. ప్రోగ్రామర్లిద్దరూ ఎవరి కోడ్ వాళ్ళే చూసుకుని, తప్పుల్లేవని సంతోషించారు.

గోడమీద నాలుగు వరసలు ఉండేవి. చెయ్యాల్సినవి, చేస్తున్నవి, పరీక్షలో ఉన్నవి, అయిపోయినవి. టెస్టర్ వెళ్ళాక, పరీక్ష చేసి జరిపే మనిషి లేక మూడో వరసలో చీటీలు గుట్టపడ్డాయి. ఒకదానిమీద ఒకటి అంటించినా చోటు చాలలేదు. డైరెక్టరుగారు గుమ్మంలో నిలబడి ముఖం చిట్లించారు.

"అక్కడేమిటి, అసహ్యంగా?"

"పనంతా ఆ వరసలోనే ఇరుక్కుంటోందండీ," అన్నాడు కోచ్. ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత ఆ వరస గీతని గుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు. అందులో ఉన్న చీటీలన్నీ తీసి 'అయిపోయినవి' కింద అంటించాడు.

ఆ సాయంత్రం కేకు కోశారు. పరీక్షించకుండా లాండ్రీకి ఇవ్వకూడదని మాస్టారు ఎలాగో నోరు పెగల్చుకున్నారు. కోచ్ ఆయన భుజంమీద చెయ్యేశాడు.

"తొందరగా తప్పు చేస్తే తొందరగా నేర్చుకుంటాం మాస్టారూ!"

"తప్పు మనదే, బట్టలు మాత్రం వాళ్ళవి కదండీ."

"మీలో భయముంది. దాని గురించి శుక్రవారం మాట్లాడుకుందాం."

మాస్టారు ఇంకేదో అనబోయారు. ఇంతలో డైరెక్టరుగారు స్వయంగా కేకు ముక్క తెచ్చి నోట్లో పెట్టారు. ఆయన కేకుతోపాటు మాటని కూడా మింగేశారు.

సాఫ్ట్‌వేర్ లాండ్రీకి చేరిన మర్నాడు పొద్దున్నే భార్య ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"ఏవండీ, మీ లాండ్రీ సాఫ్ట్‌వేర్ మొదలైపోయిందా?"

"నిన్ననే మొదలైంది. ఏం?"

"ఏం లేదు. మా సర్జన్ గారు లేతగులాబీ రంగు తువ్వాలు గౌను వేసుకుని థియేటరు బయట నిలబడి ఉన్నారు. జేబుమీద బంగారు దారంతో హంస కూడా ఉంది. బీరువా నిండా ఇవే. వేసుకోవడానికి ఇంకో గుడ్డముక్క లేదు. ఆపరేషన్లన్నీ వాయిదా. నిన్నట్నుంచీ కడుపు మాడ్చుకుని పడుకున్న పేషెంట్లు నన్ను పట్టుకుని తిడుతున్నారు."

హంస గుర్తున్న హోటల్లో పరిస్థితి ఇంతకంటే ఘోరంగా ఉంది. స్నానం చేసొచ్చి బీరువా తెరిచిన కొత్త దంపతులకి, వెనక తాళ్ళు కట్టుకునే ఆకుపచ్చ ఆపరేషన్ గౌన్లు కనిపించాయి. కాస్త వయసు మళ్ళిన ఒకాయనైతే తనకి తెలియకుండా తనకేదో జబ్బు చేసిందని హడలిపోయి గంట నొక్కుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నానికి లాండ్రీ అమ్మగారు మెట్లెక్కి వచ్చారు. ఆ అడుగుల చప్పుడుకే బావమరిది కాఫీ మెషీను వెనక్కి తప్పుకున్నాడు. ఆవిడని సమావేశాల గదిలోకి తీసుకెళ్ళారు.

"కూర్చోవడానికి కుర్చీ కూడా లేదా ఇక్కడ?"

డైరెక్టరుగారు పరుగున వెళ్ళి తన గదిలోంచి ఒకటి మోసుకొచ్చారు. ఆవిడ కూర్చున్నారు. మిగతావాళ్ళు బోనెక్కిన ముద్దాయిల్లా చుట్టూ నిలబడ్డారు.

"మీకు నేను చెప్పిందేమిటి?"

మాస్టారే నేలచూపులు చూస్తూ, "ఏ బట్ట ఎవరిదో తెలియాలన్నారమ్మా," అన్నారు.

"గుర్తుందన్నమాట! మరి ఏం చేశారు ఇన్నాళ్ళూ?"

"మేడం, డ్రమ్ము బొమ్మ చూశారా?" అని బావమరిది గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు. ఆవిడ చూసిన చూపుకి ఆ తల వచ్చినదారినే వెళ్ళిపోయింది.

కోచ్ ముందుకొచ్చాడు. "ఇది వైఫల్యం కాదు మేడం, పాఠం."

"నేర్చుకుంది మీరు. ఫీజు కట్టింది నేను. భలే బాగుంది బడి!"

ఆవిడ ఇంకా ఏదో అనబోతూ గోడవైపు చూశారు. గోడ నిండా పసుపు, గులాబీ, ఆకుపచ్చ చీటీలు ఫ్యాను గాలికి రెపరెపలాడుతున్నాయి.

"ఏమిటివన్నీ?"

"పనండీ," అన్నాడు కోచ్. "ఎవరు నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తున్నారు, అంతా గోడమీదే. దాపరికమన్నది ఉండదు. రోజూ పొద్దున్నే ఒక్కొక్కరూ నిలబడి నోటితో చెప్తారు కూడా."

ఆవిడ కోపం ఎటు పోయిందో, కళ్ళల్లో ఇంకేదో మెరిసింది.

"ఒక్కొక్కరూనా? నిలబడా?"

"నిలబడే మేడం."

"మా దగ్గర అంతమంది పనిచేస్తారు. ఎవత్తె ఏం చేస్తోందో ఒక్కనాడు తెలిసి చావదు నాకు."

డైరెక్టరుగారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆవిడకి కాఫీ తెప్పించారు. ఆ కప్పు ఖాళీ అయ్యేలోపల సాఫ్ట్‌వేర్ ఊసు పక్కకి పోయింది. ఏ బట్ట ఎవరిదో గుర్తుకోసం కుట్టే తమ పాత రంగు దారాలతోనే నెట్టుకొస్తామని ఆవిడ ఒప్పుకున్నారు. సాఫ్ట్‌వేర్ ముంచిన కంపెనీయే, దాన్ని ముంచిన పద్ధతిని ఆవిడకి అమ్మింది. కోచ్‌కి తీరిక లేదు కాబట్టి మాస్టారు లాండ్రీకి వెళ్ళి ఆ పద్ధతి అక్కడివాళ్ళకి నేర్పాలని తీర్మానమైంది. ఆయన ఎప్పటిలాగే "చూద్దాం" అన్నారు.

లాండ్రీ ఇస్త్రీ హాలు పొడుగ్గా, రేకుల కప్పుతో, పొయ్యిమీద మూత పెట్టిన గిన్నెలా ఉంటుంది. ఒకవైపు దుప్పట్లని మింగి మడతలతో బయటికి వదిలే రోలర్లు, ఇంకోవైపు బుస్సుమనే ప్రెస్సులు, మధ్యలో చక్రాల తొట్లు. ఆడవాళ్ళు ముంగురులు నుదుటికి అతుక్కుపోయి పనిచేస్తున్నారు. వాళ్ళలో పాతకాపుని అందరూ పెద్దక్క అంటారు. ఆమె ముంజేతుల నిండా కాలిన మచ్చలు.

"పద్ధతి ప్రకారం మీటింగు నిలబడే పెట్టుకోవాలమ్మా," అని మొదలుపెట్టారు మాస్టారు.

"ఎందుకు సారూ?" అంది పెద్దక్క.

"కాళ్ళు నొప్పి పుడితే పని తొందరగా అయిపోతుందని."

ఆడవాళ్ళు ఒక్కసారిగా నవ్వారు. "మా కాళ్ళు నొప్పులు పుట్టి ఏళ్ళయింది సారూ! ఒక్కనాడూ పని తొందరగా అవలేదు."

మాస్టారికి ఆ నవ్వు చెంపమీద కొట్టినట్టనిపించింది. చుట్టూ చూశారు. ఉతికిన దుప్పట్ల మూటలు గోడవార ఉన్నాయి.

"వాటిమీద కూర్చోండి," అన్నారు.

వాళ్ళు నమ్మలేనట్టు చూశారు. పెద్దక్క ముందు కూర్చుంది. తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు. ఒకామె కూర్చోగానే కళ్ళు మూసుకుంది.

"నిన్న ఏం చేశారు?"

"దుప్పట్లు."

"ఇవాళ?"

"దుప్పట్లే."

"అడ్డంకులేమైనా ఉన్నాయా?"

అలాంటి ప్రశ్న వాళ్ళనెవరూ అడిగి ఎరగరు. పెద్దక్క పైకి చెయ్యి చూపించింది. గాలిని బయటికి లాగాల్సిన పెద్ద ఫ్యాను బూజుపట్టి కదలకుండా ఉంది.

"పోయిన ఎండాకాలానికి ముందే ఆగిపోయింది. చెప్పీ చెప్పీ నోళ్ళు నొప్పెట్టాయి."

"బాత్రూముకెళ్ళాలంటే సూపర్‌వైజరు చెయ్యూపాలి," అంది ఇంకో ఆమె. "ఆయన ఫోన్లో ఉంటే మేం ఉగ్గబట్టుకోవాలి."

మాస్టారు అవన్నీ చీటీలమీద రాసి గోడకి అంటిస్తుంటే అమ్మగారు వచ్చారు. మూటలమీద కూర్చున్న మనుషుల్ని చూసి ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"నిలబడాలన్నారుగా?"

"కూర్చుని చేసే పనులకి నిలబడే మీటింగమ్మా. నిలబడి చేసే పనులకి కూర్చునే మీటింగు."

"పుస్తకంలో అలా ఉందా?"

"ఉందమ్మా," అన్నారు మాస్టారు. అంత నిబ్బరంగా అబద్ధమాడగలనని ఆయనకి ఆ క్షణందాకా తెలియదు.

"ఈ ఫ్యాను చీటీ ఏమిటి?"

"అడ్డంకమ్మా. అడ్డంకులు తొలగించాల్సింది యజమాని అని కోచ్ గారు చెప్పారు కదా! అందుకే దానిమీద మీ పేరు రాశాను. అది అక్కడ ఉన్నన్నాళ్ళూ మీ పని మిగిలున్నట్టే. అందరికీ కనిపిస్తూ ఉంటుంది."

ఆవిడ ముఖం ఎర్రబడింది. దాపరికం ఉండకూడదన్నది తనకి కూడా వర్తిస్తుందని ఆవిడ ఊహించలేదు. ఏదో అనబోయి, హాలంతా తననే చూస్తుండటంతో మానేశారు. ఆ వారం గడవకుండా మెకానిక్కు వచ్చాడు. ఫ్యాను తిరిగింది. నెలల తరబడి మనుషులు నోటితో చెబితే కదలనిది పసుపు కాగితం ముక్కకి కదిలింది. అమ్మగారు స్వయంగా వచ్చి, చీటీని పీకి 'అయిపోయినవి' కింద అంటించి, వెనక్కి జరిగి మురిసిపోయారు. బాత్రూము చీటీ దగ్గర మాత్రం చాలాకాలం మొరాయించారు. చివరికి చెయ్యూపనక్కర్లేదన్నారు. ఫోను మాత్రం తీసుకెళ్ళకూడదన్నారు.

అయితే చీటీల రుచి మరిగిన అమ్మగారికి కొత్త ఆలోచన వచ్చింది. "ఆవిడ నిన్న అన్ని దుప్పట్లు తీస్తే, నువ్వు ఇంతేనా?" అని ఒకమ్మాయిని అందరిముందూ నిలదీశారు. ఆ అమ్మాయి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆ రోజు మాస్టారికి తన ప్రోగ్రామర్లు గుర్తొచ్చారు. మర్నాడు పెద్దక్కని పక్కకి పిలిచి, దుప్పట్లు లెక్కపెట్టడం మానేసి పాయింట్లు చెప్పడమెలాగో నేర్పించారు. అప్పట్నుంచి అమ్మగారు ఎప్పుడడిగినా హాలంతా ఒకే అంకె చెప్పేది. వారానికోసారి ఆ అంకెని కాస్త పెంచేవాళ్ళు. అమ్మగారు సంతృప్తిగా తలాడించేవారు.

ఈ లోపల మాస్టారు మరో పని పెట్టుకున్నారు. బట్టలు వేరుచేసే బల్లల పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, సగంలో ఆగిపోయిన పాత ప్రోగ్రాము మళ్ళీ తెరిచారు. దానికి చీటీ రాయలేదు, పాయింట్లూ వెయ్యలేదు. ఒక ముక్క రాయగానే బల్ల దగ్గరున్నవాళ్ళకి చూపించేవారు. వాళ్ళు "ఇలా కాదు సారూ" అంటే దిద్దేవారు. కోచ్ మొదటిరోజు చెప్పిన మంచిమాట అదేనని ఆయనకి తట్టనే లేదు. టెస్టర్‌కి ఫోన్ చేస్తే బిడ్డనెత్తుకుని వచ్చింది. శుభ్రంగా ఉతికిన హోటలు తువ్వాళ్ళ తొట్లో బిడ్డని పడుకోబెట్టి, బల్ల ముందు కూర్చుంది. కాఫీ తాగేలోపలే, పేరొకటే ఉన్న రెండు ఆసుపత్రుల్ని ప్రోగ్రాము ఒకటే అనుకుంటోందని పట్టేసింది.

"ఆకలేస్తోంది మాస్టారూ, తినడానికేమైనా ఉందా?" అంది హుషారుగా.

ఒకరోజు సాయంత్రం భార్య ఇంటికి వస్తూనే చెప్పుల్ని మూలకి విసిరింది. "మీ తెల్లబూట్లాయన మా హాస్పిటల్లో దిగాడు. గౌన్ల గొడవ తర్వాత మా పెద్దాయనకి పద్ధతి కావాల్సొచ్చిందట."

"ఏం చేస్తున్నాడు?"

"ఆపరేషన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ముక్క ముక్కకీ పేషెంటు అభిప్రాయం కనుక్కోవచ్చు కదా అని మా సర్జన్ గారినడిగాడు."

"ఆయనేమన్నారు?"

"ఏమీ అనలేదు. చేతిలో కత్తి ఉంది కదా, తలెత్తి చూశారంతే. ఈయనే బయటికెళ్ళిపోయాడు. ఇప్పుడు బిల్లుల విభాగంలో చీటీలంటిస్తున్నాడు."

పూర్తయిన ప్రోగ్రాము లాండ్రీలో మొదలైన రోజు పొద్దున్నే హోటలు వ్యాను వెళ్ళింది. దాని వెనకే ఆసుపత్రి వ్యాను వెళ్ళింది. మాస్టారు, టెస్టర్ ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నమైంది. ఎవరూ తిట్టడానికి ఫోన్ చెయ్యలేదు. సాయంత్రమైంది. పెద్దక్క వచ్చి, "గొడవేమీ లేదుగా? మరి అలా కూర్చున్నారేం?" అని అడిగి వెళ్ళింది.

ఈ సంగతి టైర్ల దుకాణం పైకి తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అక్కడిప్పుడు సాఫ్ట్‌వేర్ రాయడం లేదు. బోర్డు మార్చి శిక్షణ సంస్థ పెట్టారు. పొడుగూ పొట్టీ కోచ్‌లైపోయి, ఒకే స్కూటరు మీద కంపెనీలు తిరుగుతున్నారు. డైరెక్టరుగారు రంగుల కరపత్రం వేయించారు. 'మా పద్ధతితో ఒక లాండ్రీలో బట్టలు తారుమారు కావడం పూర్తిగా ఆగిపోయింది' అని అందులో పెద్దక్షరాల్లో ఉంది. అబద్ధమని ఎవరూ అనలేరు, నిజమని మాస్టారు అనలేరు. ఆయన రాజీనామా పట్టుకెళితే డైరెక్టరుగారు చదవకుండానే పక్కన పెట్టి, "మా దగ్గర మీకు బాగా నచ్చినవి మూడు చెప్పండి," అన్నారు. మాస్టారు చాలాసేపు ఆలోచించారు. చివరికి "కిటికీ" అని, మెట్లు దిగి వచ్చేశారు.

లాండ్రీలో ఆయనకీ, టెస్టర్‌కీ కలిపి అమ్మగారు ఉద్యోగాలూ, పనిచేసుకోవడానికి ఒక గదీ ఇచ్చారు. జీతం విషయంలో గీచి గీచి బేరమాడారు. ఆ మొదటి వారమే గుమ్మంలో నిలబడి ఒక దుప్పటి వాళ్ళముందు పరిచారు. నడిమధ్య చిరుగు.

"హోటలువాళ్ళు మేమే చింపామంటున్నారు. చిరిగే వచ్చిందంటాను నేను. ఎవరిది తప్పో మీ ప్రోగ్రామే తేల్చాలి."

"ఎప్పటికి కావాలమ్మా?"

"ఎప్పటికేమిటి, ఇప్పుడే ఇంకో మూట దిగుతోంటే!"

టెస్టర్ బిడ్డని భుజానికెత్తుకుంది. మాస్టారు ల్యాప్‌టాప్ మూసి, మూటలు విప్పేచోటికి చూడ్డానికి బయల్దేరారు.